బ్రిజిడ్ శిలువ ఎండాక నడుమ వదులవుతోంది, ఏం చేయాలి?

ఫిబ్రవరి 1 ఐర్లండ్‌లో సెయింట్ బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి దీనికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. ముందురోజు సాయంత్రం రష్ (చిత్తడి నేలల్లో పెరిగే, పొడవాటి కాడల) గడ్డితో నాలుగు చేతుల శిలువ అల్లి గుమ్మం పైన పెడతారు. డబ్లిన్‌లో తెలుగు పిల్లలకు ఇది నేర్పించాలి. అల్లిక తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

నేను అల్లే పద్ధతి ఇది: ఒక రష్ పుల్లను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుమ చుట్టూ వేసి, కొసలు రెండూ కుడివైపు ఉండేలా బిగించాలి. మొత్తాన్ని ఎడమకు 90 డిగ్రీలు తిప్పాలి. ఇప్పుడు పైకి ఉన్న పోగుల మీదుగా ఇంకో మడత పుల్ల వేసి మళ్ళీ కుడివైపుకే లాగాలి. ఒక్కో చేతికి ఏడెనిమిది పుల్లలు వచ్చాక కొసలను దారంతో కట్టి సమంగా కత్తిరించాలి. తిప్పేటప్పుడు నడుమ మీద బొటనవేలు వదిలితే అల్లిక జారిపోతుంది.

చిక్కు తర్వాతే. పచ్చి రష్ లోపలంతా తడి బెండు. ఎండితే పుల్ల సన్నబడి నడుమ సందులు పడతాయి. ఎండినదాన్ని వాడితే మడత దగ్గర విరుగుతుంది. నానబెడితే ఉబ్బి, ఆరాక మళ్ళీ వదులే.

కోశాక ఎన్ని రోజులు నీడలో వడలనివ్వాలి? ఎండిన పుల్లకు నానబెట్టడం మేలా, తడిగుడ్డలో చుట్టి ఉంచడం మేలా? శిలువ చేతుల కొసలు కట్టేముందు ఒక రోజు ఆగి, నడుమను మరోసారి బిగించవచ్చా? కాగితం స్ట్రాలు సులువే గానీ, పిల్లల చేతికి అసలు గడ్డే అందాలి.