ఆరేళ్లుగా పులితేన్పులు, గుండెల్లో మంట: మాత్రలు మానగలిగినవారు ఉన్నారా?

అందరికీ నమస్కారం. నా వయసు 43. రాత్రి రెండు గంటలకు గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొచ్చి, దగ్గుతో లేచి కూర్చుంటాను. మా ఆవిడ కూడా లేచి వీపు నిమురుతూ ఉంటుంది. ఆమెకూ నిద్ర లేదు.

ఎండోస్కోపీలో చిన్న హయటస్ హెర్నియా ఉందని, అంటే పొట్ట పైభాగం కొద్దిగా ఛాతీలోకి జరిగిందని చెప్పారు. పొట్టలో పుండ్లకు కారణమయ్యే హెచ్. పైలోరి బాక్టీరియా లేదు. ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర టిఫినుకు అరగంట ముందు వేసుకుంటున్నాను. వేసుకున్నన్నాళ్లూ ఫరవాలేదు. రెండుసార్లు ఒక్కసారిగా మానేస్తే నాలుగో రోజుకల్లా మంట మునుపటికంటే ఎక్కువైంది. హఠాత్తుగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మరింతగా ఊరవచ్చని తర్వాత తెలిసింది. ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చంటారు; ఈమధ్య పరీక్షలో నాకు అది తక్కువగా వచ్చింది. అప్పటినుంచి భయం పట్టుకుంది.

ఆవకాయ, కాఫీ మానేశాను. రాత్రి భోజనం ఏడున్నరకే. ఎడమవైపు తిరిగి పడుకుంటున్నాను. అన్నిటికన్నా మేలు చేసింది మంచం తలవైపు కోళ్ల కింద పెట్టిన ఇటుకలు. దిండ్లు ఎత్తు పెట్టుకుంటే మాత్రం నడుము దగ్గర మడతపడి, పొట్ట నొక్కుకుని, ఇంకా ఇబ్బందైంది.

మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ మాత్ర మానగలిగినవారు ఉంటే, ఎలా తగ్గించారు? ఎన్నాళ్లు పట్టింది? ఫండోప్లికేషన్, అంటే పొట్ట పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ చుట్టి కుట్టే ఆపరేషన్, చేయించుకున్నవారికి ఏళ్లు గడిచాక ఎలా ఉంది? ముద్ద మింగడం, తేన్పు రావడం కష్టమవుతోందా? డాక్టరును అడగకుండా ఏదీ మార్చను. వచ్చే వారం ఆయన దగ్గరికి వెళ్లేలోపు మీ అనుభవం దయచేసి రాయండి.