పిల్లల టీంలో చేరుతున్నా, టీవీలో వలసల గొడవ చూస్తే టెన్షన్‌గా ఉంది

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఐదేళ్ళు పిల్లల సంరక్షణలో పనిచేశాను. ఇక్కడ సోషల్ వర్కర్లని నమోదు చేసే సోషల్ వర్క్ ఇంగ్లండ్ రిజిస్ట్రేషన్ వచ్చింది, వచ్చే నెల మిడ్‌లాండ్స్‌లో ఒక కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వంలో) సోషల్ వర్కర్‌గా చేరుతున్నాను. ఇంగ్లండ్‌లో దిగి మూడు వారాలే. టీవీ పెడితే పడవల్లో వచ్చే శరణార్థులు, వాళ్ళని ఉంచిన హోటళ్ళు, వలసలు, ఇదే గోల. నేనే నిన్న గాక మొన్న వచ్చినదాన్ని, రేపు వాళ్ళ తలుపు తట్టి మీ పిల్లల్ని ఎలా పెంచుతున్నారో చూస్తానంటే ఊరుకుంటారా? మనవాళ్ళ ఇంటికే వెళ్ళాల్సి వస్తే? అనుభవం ఉన్న అక్కలూ అన్నలూ కాస్త చెప్పండి.
– మిడ్‌లాండ్స్ నుంచి

చెల్లీ, నేను పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా. మొహం మీద పొమ్మన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో, అంతే. ఎక్కువ వినేది వేరే మాట. మనవణ్ణి పెంచుకుంటున్న ఒక పెద్దావిడ నాకు టీ ఇచ్చి, బిస్కెట్ల డబ్బా నా వైపు తోసి, వలసవాళ్ళ వల్లే తన కూతురికి కౌన్సిల్ ఇల్లు రాలేదని అరగంట తిట్టి, చివర్లో "నిన్ను కాదమ్మా, మిగతావాళ్ళని" అంది. నేను బిస్కెట్ తీసుకుని, పిల్లాడు బడికి ఎందుకు పోవట్లేదో అడిగాను. ఇళ్ళు దొరకని మాట నిజమే కదా, ఆవిడతో వాదించి ఏం సాధిస్తాం.

2024 ఆగస్టులో మాత్రం భయపడ్డాం. సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్యల తర్వాత వలసవాళ్ళ మీద అల్లర్లు లేచి, రాదరమ్ దగ్గర శరణార్థులున్న హోటల్‌కి నిప్పు పెట్టబోయారు చూడు, ఆ వారం. మా మేనేజర్ ఎవర్నీ ఒంటరిగా విజిట్‌కి పంపలేదు. మీ కౌన్సిల్‌లోనూ లోన్ వర్కింగ్ పాలసీ అని ఒకటి (ఒంటరిగా పనికి వెళ్ళేవాళ్ళ భద్రత నియమాలు) ఉంటుంది, చేరిన రోజే అడిగి చదువు.

నువ్వు అడగని సంగతి ఒకటి చెప్తా, అసలు చిక్కు అక్కడుంది. నీ ఈవీసా (ఆన్‌లైన్ వీసా) తెరిచి చూడు, పబ్లిక్ ఫండ్స్ వర్తించవు, అంటే ప్రభుత్వ బెనిఫిట్లు అడగకూడదు అని ఉంటుంది. ఆఫీసులో దీన్నే ఎన్‌ఆర్‌పీఎఫ్ అంటారు. నువ్వు చూడబోయే కొన్ని కుటుంబాలకీ ఇదే షరతు. మొదటి ఏడాది ఒకావిడ ఫారంలో ఆ గడి నింపుతుంటే చెయ్యి ఆగిపోయింది నాకు, ఉద్యోగం పోతే నా పరిస్థితీ అదే కదా అని.

1989 నాటి చిల్డ్రన్ యాక్ట్‌లో సెక్షన్ 17 ఉంది. అమ్మానాన్నల వీసా ఏదైనా, అసలు వీసా లేకపోయినా, పిల్లాడు అవసరంలో ఉంటే చూడాల్సింది కౌన్సిలే. ఆ సాయం పబ్లిక్ ఫండ్ లెక్కలోకి రాదు. బడి, ఎన్‌హెచ్‌ఎస్ కూడా రావు. చైల్డ్ బెనిఫిట్ మాత్రం పబ్లిక్ ఫండే, మనవాళ్ళు తెలియక అప్లై చేసి ఇరుక్కునేది దాంట్లోనే. పార్లమెంటులో కఠినంగా ఉన్నామని చెప్పుకోవడానికి బెనిఫిట్లు ఆపుతారు, పిల్లాడి ఆకలి ఆగదుగా, ఆ ఖర్చొచ్చి కౌన్సిల్ పద్దులో పడుతుంది. డబ్బు లేని కౌన్సిల్లో మేనేజర్ ఏమంటారు? "వీళ్ళకి నిజంగా ఎవరూ లేరా? ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు చూశావా?" అంటారు. చూడాలి, తప్పదు. కానీ రాత్రికి పిల్లాడు ఎక్కడ పడుకుంటాడో తేల్చాక చూడు. ముందే స్టేట్‌మెంట్లతో మొదలుపెడితే నువ్వు పోలీసువైపోతావు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నీకు నిజం చెప్పరు.

ఇంకోటి, "హోం ఆఫీసుకి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకి) మేం ఏమీ చెప్పం" అని ఎవరికీ మాట ఇవ్వకు. చాలా కౌన్సిళ్ళు ఎన్‌ఆర్‌పీఎఫ్ కనెక్ట్ అనే డేటాబేస్‌లో కుటుంబం స్టేటస్‌ని హోం ఆఫీసుతో సరిచూస్తాయి. చట్టవిరుద్ధంగా ఉంటున్నవాళ్ళ గురించి కొన్ని సందర్భాల్లో తెలియజేయాల్సిన బాధ్యత కూడా ఉంది. ముందే చెప్పేస్తే కోపం వస్తుంది, దాచి తర్వాత బయటపడితే ఇక నమ్మరు.

మనవాళ్ళ ఇంటి సంగతి. స్కూల్లో టీచరు పిల్లాడి మోచేతి మీద వాత చూసి, ఇల్లు చూసి రమ్మని మాకు రిఫరల్ పంపింది. తెలుగు ఇంటిపేరు. నాకు తెలిసినవాళ్ళు కాదని మేనేజర్‌తో చెప్పే వెళ్ళాను (ఉగాది ఫంక్షన్‌లో పరిచయం ఉన్నవాళ్ళయితే కేసు మార్చమని అడుగు, మొహమాటపడకు). తలుపు తీసిన అమ్మాయి నా మెడలో కార్డు చూసి, "మీది ఏ ఊరండీ?" అంది. లోపల పోపు వాసన. టేబుల్ మీద అప్పటికే ఫైలు పరిచి ఉంది: పాస్‌పోర్టులు, స్పాన్సర్‌షిప్ కాగితాలు, జీతం స్లిప్పులు, ఆఖరికి పెళ్ళి ఫొటోలు కూడా. పిల్లాడి గురించి మాట్లాడదామమ్మా అంటే, "ముందు మా వీసా పోదని చెప్పండి" అంది. ఇరవై నిమిషాలు దానికే పోయాయి. పిల్లాడు మెట్ల మీద కూచుని మమ్మల్నే చూస్తున్నాడు. టీవీ గొడవ మన పని మీద ఏం ప్రభావం చూపిస్తుందంటే నాకు గుర్తొచ్చేది ఆ టేబులే.

ఆ వీసా సంగతి మాత్రం పొరపాటున కూడా విప్పి చెప్పకు. నీకు రూల్స్ కంఠతా వచ్చినా సరే, రిజిస్టర్ కాకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం ఇక్కడ నేరం. రిజిస్టరైన సలహాదారుల దగ్గరికి పంపు. భర్త కొడుతున్నా డిపెండెంట్ వీసా పోతుందని నోరు మూసుకుని ఉండే ఆడపిల్లలు కనబడతారు, మనవాళ్ళలో తక్కువేం కాదు. వాళ్ళ కోసం మైగ్రెంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూజ్ కన్సెషన్ (గృహహింసకి గురైన వలసవాళ్ళకి ఇచ్చే సడలింపు) ఉంది. మొదట ప్రధానంగా బ్రిటిష్ పౌరులు, ఇక్కడ సెటిల్ అయినవాళ్ళ జీవిత భాగస్వాములకే ఉండేది, 2024 నుంచి వర్కర్లు, స్టూడెంట్ల జీవిత భాగస్వాములు కూడా అడగొచ్చు. మూడు నెలలు ఉండడానికి అనుమతి, ఆ లోపు బెనిఫిట్లకి వీలు. తర్వాత ఏంటన్నది కష్టమే, అందుకే అప్లై చేసేముందే లాయరు ఉండాలి. ఆ పేరు రాసిపెట్టుకో.

తెలుగు వచ్చు కదా అని వేరేవాళ్ళ కేసులకి నిన్ను ఇంటర్‌ప్రెటర్‌గా వాడబోతారు. ఒప్పుకోకు.
– లీడ్స్ అక్క

అక్క చెప్పింది పిల్లల వైపు. నేను పెద్దవాళ్ళ టీం, ఆస్పత్రి డిశ్చార్జి. మా దగ్గర రాజకీయం ఇంకా సూటిగా తగులుతుంది. 2022లో కేర్ వర్కర్లకి (పెద్దవాళ్ళకి స్నానం, తిండి చూసేవాళ్ళకి) వీసా తెరిచారు, 2024 మార్చిలో డిపెండెంట్లని ఆపేశారు, 2025 జూలై 22న బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే మూసేశారు. ఎనభై ఏళ్ళ ముసలాయన తుంటి ఎముక అతుక్కుని ఇంటికి పోవడానికి రెడీ, పొద్దున లేపి స్నానం చేయించే మనిషి మాత్రం ఏ ఏజెన్సీలోనూ లేరు. ఆయన బెడ్డు మీద, నేను ఫోన్ మీద. వలసవాళ్ళు వద్దనే ఓటేశానని ఆయనే చెప్పాడు, పాపం నవ్వుతూనే.

కానీ ఒక మాట, మూసేయడం పూర్తిగా అన్యాయం అంటే నేను ఒప్పుకోను. ఆ వీసాలు మన ఊళ్ళలో లక్షలకి అమ్మారు, తెలిసినవాళ్ళ పిల్లలే పొలం తాకట్టు పెట్టి వచ్చారు. ఇక్కడ చూస్తే షిఫ్టులే లేవు. స్పాన్సర్ (వీసాకి పూచీపడ్డ యజమాని) లైసెన్స్ రద్దయితే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి 60 రోజులు. తప్పు చేసిన ఏజెన్సీని పట్టుకోకుండా తలుపు మూస్తే మోసపోయినవాడికి ఒరిగిందేమిటి అన్నదే నా గొడవ.
– మాంచెస్టర్ నుంచి

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఇంకో డౌట్, పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) పదేళ్ళు అంటున్నారు, నాకూ అంతేనా?

చెల్లీ, 2025 నవంబరులో ఆ ప్రతిపాదన పెట్టారు, ఐదేళ్ళ బదులు మామూలుగా పదేళ్ళు అని. నీకెంత పడుతుందో వాట్సాప్‌లో లెక్కలేయకు, లాయర్ని అడుగు, చూశావుగా నేనే చెప్పకూడదు! రిజిస్ట్రేషన్ మాత్రం ఏటా నవంబరు 30 లోపు రెన్యూ చెయ్యాలి, సీపీడీ (ఏడాదిలో కొత్తగా నేర్చుకున్నవాటి రికార్డులు) రెండైనా రాయాలి, అది మర్చిపోయినవాళ్ళని చూశాను. ఇంకా మంచి వానకోటు కొనుక్కో. బూట్లు విప్పమనే ఇళ్ళు చాలా ఉంటాయి, చిల్లులు పడ్డ సాక్సులతో వెళ్ళకు, నేను వెళ్ళాను.
– లీడ్స్ అక్క