ఇంట్లో పెద్దాయన మెయిల్ ప్రోగ్రాం మార్చాలి: చెప్పి మార్చాలా, చెప్పకుండానా?

పొగతోట, నెల్లూరు

మా ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. తెలుగు పండిట్‌గా రిటైరయ్యారు. ఇంట్లో 2011లో కొన్న కంప్యూటర్ ఉంది. విండోస్ 7, రెండు జీబీ ర్యామ్. దాంట్లో ఆయన చేసే పని ఒక్కటే, మెయిల్. పాత శిష్యులు రాస్తారు, ఈయన జవాబిస్తారు. కాఫీ తాగి కూర్చుంటే పదకొండింటి దాకా లేవరు. వాడేది విండోస్ లైవ్ మెయిల్. అంతకుముందు ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉండేది. దాన్నుంచి దీనికి మార్చినప్పుడే నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మానిటర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించుకున్నారు. తన చేతిరాతే, ఏడు అంశాలు. "ఒకటి: కవరు బొమ్మపై రెండుమార్లు వెంటవెంటనే నొక్కవలెను. రెండు: చక్రము తిరుగుట ఆగువరకు దేనినీ ముట్టరాదు." జిరాక్స్ షాపులో దానికి లామినేషన్ కూడా చేయించారు. ఫోన్లో చూసుకోండి అంటే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటారు.

2022లో పాత ప్రోగ్రాములకి మామూలు పాస్‌వర్డ్‌తో వచ్చే దారిని గూగుల్ మూసేసినప్పుడు, గూగుల్ విడిగా ఇచ్చే పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ పెట్టి ఎలాగో గట్టెక్కించాను. ఇప్పుడు అదీ సాగేలా లేదు. ప్రోగ్రాం తెరిస్తే ఐదారు నిమిషాలు తెల్లగా నిలబడిపోతుంది. హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటే నాకు టెన్షన్.

వచ్చే వారం ఆయన పెంచలకోన వెళ్తున్నారు, రెండు రోజులు ఇంట్లో ఉండరు. ఆ రెండు రోజుల్లో థండర్‌బర్డ్ అనే వేరే మెయిల్ ప్రోగ్రాం వేసి, దానికీ కవరు బొమ్మే పెట్టి, ఏమీ జరగనట్టు ఉంచేద్దామా అనుకుంటున్నాను. "చెప్పకుండా చేసెయ్ అమ్మా, చెప్తే నాన్న జన్మలో ఒప్పుకోడు" అంటోంది మా అమ్మాయి. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ఒంగోలు సర్వీసింగ్

మీ అమ్మాయి చెప్పిందే కరెక్ట్ మేడం. నేను కంప్యూటర్ రిపేర్ల పనిలోనే ఉన్నాను. ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. అడిగితే ఎవరూ ఊఁ అనరు. చేసి ఇస్తే వారంలో అలవాటు పడతారు.

లైవ్ మెయిల్‌ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలోనే వదిలేసింది. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. సార్ పెన్షన్ వచ్చే బ్యాంకుకి కూడా అదే మెయిల్ ఇచ్చి ఉంటారు కదా. ఎవడో పంపిన అటాచ్‌మెంట్ ఒక్కటి తెరిస్తే చాలు, తర్వాత మీరూ నేనూ చేయగలిగింది ఏమీ ఉండదు. ఆయన నొచ్చుకుంటారని వీధి తలుపుకి గడియ పెట్టకుండా పడుకుంటారా? ఇదీ అంతే.

కందుకూరు

అమ్మా, నేను మీ ఇంట్లో పెద్దాయన లాంటిదాన్నే. కంప్యూటర్ అంటే నాకు భయం. అందుకే రాస్తున్నాను.

కనిగిరిలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత వచ్చాను. అప్పటికి మా ఆయన నా మెయిల్ అంతా మార్చి పెట్టారు. ప్రేమతోనే చేశారు, నేను సుఖపడాలనే చేశారు. కానీ తెరిచేసరికి ఏదీ చోట లేదు. నా వంటింట్లో ఎవరో దూరి పప్పు డబ్బాలో చక్కెర, చక్కెర డబ్బాలో ఉప్పు పోసి వెళ్ళినట్టుంది. మా అన్నయ్య పోయే ముందు రాసిన ఉత్తరాలు ఒక ఫోల్డర్లో దాచుకున్నాను. ఆ ఫోల్డర్ కనపడలేదు. పోయాయేమో అని అడగడానికి కూడా భయమేసింది. పోయాయని ఆయన నోటితో చెప్తే తట్టుకోలేను కదా.

అవి పోలేదు. ఒక బాణం గుర్తు నొక్కితే తెరుచుకునే చోట ఉన్నాయి. ఆ సంగతి నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఆ ఆరు నెలలూ నేను ఎవరికీ రాయలేదు. "దీనికి మెయిల్ మీద మోజు తీరిపోయింది" అనుకున్నారు మా ఆయన.

ఒంగోలు తమ్ముడూ, వారంలో అలవాటు పడ్డారని నువ్వు అనుకునే ఇళ్ళల్లో ఎంతమంది నాలాగా నోరు మూసుకుని ఊరుకున్నారో కనుక్కో నాయనా. పాతది వాడితే ప్రమాదం అన్నావు, నిజమే. ఆ మాటే పెద్దాయనతో చెప్పండి. పిల్లలకి ఛందస్సు నేర్పిన మనిషికి ఇది అర్థం కాదా?

వింజమూరు

ఇంత చర్చ ఎందుకబ్బా. పెద్ద ట్యాబ్ ఒకటి కొనిచ్చి, అక్షరాలు పెద్దవి చేసి పెట్టండి.

పొగతోట, నెల్లూరు

ట్యాబ్ మా అబ్బాయి తెచ్చాడండి. బీరువాలో ఉంది. ఆయన చేతులు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు వరసకి అలవాటు పడ్డాయి. అద్దం మీద వేలితో తడుతూ తెలుగు రాయడం ఆయన వల్ల కాదు.

బిట్రగుంట

చెప్పాలా వద్దా అనేది తర్వాత. ముందు డిస్క్ సంగతి చూడండి. అది టిక్కుటిక్కుమంటోందంటే ఈ రోజే కాపీ తీయాలి, పెంచలకోన దాకా ఆగొద్దు.

లైవ్ మెయిల్‌లో ఒక మంచి గుణం ఉంది. ఒక్కో ఉత్తరాన్నీ విడివిడిగా ఈఎంఎల్ ఫైలుగా దాస్తుంది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అలా కాదు, ఫోల్డర్ మొత్తాన్ని ఒకే డీబీఎక్స్ ఫైలులో కుక్కేది. అది చెడితే అన్నీ పోయేవి. కాబట్టి మీరు ఆ ఫోల్డర్లను ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఇంకో మాట, సెట్టింగుల్లో మెయిల్ తెచ్చుకునే పద్ధతి పాప్ అని ఉందా, ఐమ్యాప్ అని ఉందా చూడండి. ఐమ్యాప్ అయితే అసలు ఉత్తరం జీమెయిల్ దగ్గరే ఉంటుంది. పాప్ అయితే కొన్ని ఉత్తరాలు ఆ డిస్క్ మీద తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. పాత ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్ ఏదైనా ఉండి మూతపడితే, దానికి వచ్చినవీ అంతే.

విండోస్ 7 మీద థండర్‌బర్డ్ వేయడానికి నేను ఒప్పుకోను. దానికి పనికొచ్చే ఆఖరి వెర్షన్ 115, అది 2023 నాటిది. రెండేళ్ళకి మళ్ళీ ఇదే తిప్పలు. కంప్యూటర్ 64 బిట్ అయితే ర్యామ్ నాలుగు జీబీ చేయించి, డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం వేయండి. థండర్‌బర్డ్ దాంతోనే వస్తుంది, అప్‌డేట్లూ వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో అక్షరాల వరస అక్కడా ఇక్కడా ఒకటే. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారేలా మాత్రం మీరు పెట్టాలి. లేకపోతే మొదటి నిమిషంలోనే ఆయనకి చిరాకొస్తుంది.

థండర్‌బర్డ్‌లో కార్డుల్లా కనపడే వరస తీసేసి టేబుల్ వ్యూ, క్లాసిక్ వ్యూ పెట్టండి. పైన వరసలో మూడు నాలుగు బటన్లు ఉంచి మిగతావి తీసేయండి. ఫాంట్ల సెట్టింగులో తెలుగుకి విడిగా సైజు పెట్టుకోవచ్చు. అది 20 దాకా పెంచి చూడండి.

ఇవన్నీ వేసే ముందే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి ఆయనకి చూపించవచ్చు. డిస్క్‌ని ముట్టుకోదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాతది పాతగానే ఉంటుంది. కందుకూరు అక్కయ్య చెప్పిన భయానికి ఇదే మందు అని నా నమ్మకం. మనిషికి వెనక్కి వచ్చే దారి కనపడాలి.

ఒంగోలు సర్వీసింగ్

అన్నా, కాపీ విషయంలో మీ మాటే నా మాట. కానీ పెద్దాయనకి లినక్సా? రేపు ఏదైనా ఆగిపోతే నెల్లూరులో ఏ షాపుకి తీసుకెళ్ళినా "ఇది మాకు తెలియదు, విండోస్ వేసేస్తాం" అంటారు. వేసేస్తారు కూడా, లోపల ఏముందో చూడకుండా. అంతకంటే బ్రౌజర్లో జీమెయిల్ నయం కదా?

బిట్రగుంట

షాపు సంగతి నువ్వు చెప్పింది నిజమే తమ్ముడూ. మేడంకి చేయి తిరిగింది కాబట్టి మింట్ అన్నాను, లేకపోతే అననే అనను. బ్రౌజర్ మాత్రం వద్దు. విండోస్ 7కి క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. పాత కంప్యూటర్లలో తేలిగ్గా తెరుచుకునే జీమెయిల్ సాదా పేజీ ఉండేది, దాన్నీ 2024లో తీసేశారు. పైగా వెబ్ పేజీ రూపం వాళ్ళ ఇష్టం వచ్చినప్పుడు మారిపోతుంది. గోడ మీద కాగితం పెట్టుకున్న మనిషికి అది పెద్ద శిక్ష.

పొగతోట, నెల్లూరు

అందరికీ నమస్కారం. పది రోజులైంది, జరిగింది చెప్తాను.

కందుకూరు అక్కయ్యగారి మాటలు చదివిన రాత్రే ఆయనకి చెప్పేశాను. డిస్క్ చప్పుడు వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు. "బుచ్చిలో ఉన్నప్పటి పిల్లలు రాసినవి యాడికీ పోవు కదా?"

మర్నాడు పక్కనే కూర్చోబెట్టుకుని కాపీ తీశాను. నాలుగు వేల పైచిలుకు ఉత్తరాలు. బిట్రగుంట అన్నయ్యగారు అనుమానించినట్టే సగం పాప్‌వి, పాత అడ్రస్‌వి, ఇంకెక్కడా లేవు. ఒక్కో ఫోల్డర్ పూర్తయినప్పుడల్లా ఆయన పేరు చదివి కాగితం మీద టిక్కు పెట్టుకున్నారు. ఆ పెన్‌డ్రైవ్‌ని రిటైర్‌మెంట్ రోజున ఇచ్చిన వాచీ పెట్టెలో పెట్టి బీరువాలో దాచారు.

పెంచలకోన నుంచి వచ్చాకే మింట్ వేశాను, ఆయన ఎదురుగానే. పాత ఉత్తరాలు థండర్‌బర్డ్‌లో లోకల్ ఫోల్డర్ల కింద వచ్చాయి. తెలుగు సైజు 22 పెట్టమన్నారు. మొదటి రోజు "పంపించు" బటన్ చోటు మారిందని విసుక్కుని లేచిపోయారు. సాయంత్రం ఆయనే వచ్చి కూర్చున్నారు.

గోడ మీది కాగితం తీసేసి కొత్తది రాసుకున్నారు. ఇప్పుడు ఐదే అంశాలు, చక్రం మాట కొట్టేశారు. లామినేషన్ మాత్రం ఇప్పుడే వద్దన్నారు, నెల రోజులు చూస్తారట.

బిట్రగుంట

సంతోషం. కానీ ఒక్క పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు, ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటే అదీ చెడిపోవచ్చు. ఇంకో కాపీ తీసి అమ్మాయి దగ్గర ఉంచండి.

కందుకూరు

అమ్మా, ఆ ఐదు అంశాలూ ఫొటో తీసి పెడతారా? నేనూ రాసుకుంటాను.