అప్‌డేట్: సైలెన్సర్ పైపు నట్లు మొత్తానికి ఊడాయి

మా నాన్నగారి 24 ఏళ్ల కారులో మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టాల భాగం) దగ్గర సైలెన్సర్ పైపు నట్లు మూడూ తుప్పు పట్టి కదలడం లేదని పోయిన వారం హన్మకొండ నుంచి అడిగాను కదా, ఆ పని నిన్న పూర్తయింది.

మూడు రోజులు పొద్దున, సాయంత్రం తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. తుప్పుకు అంచులు తరిగిపోయి 14 ఎంఎం సాకెట్ (నట్టు మీద తొడిగి తిప్పే పానా) జారుతోంది. అందుకే ఒక సైజు చిన్నదైన, ఆరు మూలల 13 ఎంఎం సాకెట్‌ను సుత్తితో దిగ్గొట్టాను. ఒకేసారి విప్పకుండా ముందు కాస్త బిగించి, తర్వాత వదులు చేస్తూ ముందుకూ వెనక్కూ తిప్పితే మొదటిది వచ్చేసింది. ఈ సలహా ఇచ్చిన అన్నకు దండాలు. రెండోదానికి స్ప్రే పూర్తిగా తుడిచేశాకే గ్యాస్ టార్చ్‌తో నట్టును మాత్రమే వేడి చేశాను. ఆ స్ప్రేకు మంట అంటుకుంటుంది, మర్చిపోవద్దు.

మూడోది స్టడ్‌తో (నట్టు ఎక్కే, తల లేని బోల్టుతో) సహా విరిగింది. అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను. అదృష్టం, అర సెంటీమీటరు ముక్క బయటే ఉంది. కాజీపేట నుంచి వెల్డింగ్ చేసే అన్న ఇంటికొచ్చి, బ్యాటరీ వైర్లు తీయించి, ఆ ముక్క మీద కొత్త నట్టు పెట్టి, ఆ నట్టు రంధ్రం లోపల వెల్డింగ్ చేసి రెండింటినీ అతికించాడు. ఎరుపు తగ్గాక పానాతో తిప్పితే మెల్లగా వచ్చింది! డ్రిల్లింగ్ తప్పింది.

కొత్త స్టడ్‌లు, ఇత్తడి నట్లు, కొత్త గ్యాస్‌కెట్ (అతుకు దగ్గర పొగ లీకవకుండా మధ్యలో పెట్టేది) వేసి, మళ్లీ పట్టేయకుండా మరలకు కాపర్ పేస్ట్ రాశాను. బండి శబ్దం పోయింది. వంద కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లారాక నట్లు మళ్లీ ఒకసారి చూస్తాను.