థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌లో కంపాక్ట్ మధ్యలో ఆగిపోయింది, మిగిలిన ఫైల్ తీసేయొచ్చా?

నాది పాప్ అకౌంట్, అంటే మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి. నా మెయిల్స్ సర్వర్‌లో లేవు, ఉన్నవన్నీ ఈ లాప్‌టాప్‌లోనే. అసలు టెన్షన్ అదే.

ఇన్‌బాక్స్‌లో వేల మెయిల్స్ డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేశాను. అయినా ప్రొఫైల్ ఫోల్డర్‌లో (థండర్‌బర్డ్ తన డేటా దాచుకునే చోటు) ఇన్‌బాక్స్ ఫైల్ 11 జీబీ దగ్గరే ఉంది. ఎంబాక్స్ పద్ధతిలో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైల్ కాబట్టి, డిలీట్ చేసినవాటికి గుర్తు మాత్రమే పడుతుందని, కంపాక్ట్ చేస్తేనే చోటు ఖాళీ అవుతుందని తర్వాత తెలిసింది. సరే అని కంపాక్ట్ మొదలుపెట్టాను. చార్జర్ పెట్టడం మర్చిపోయాను (తప్పు నాదే), సగంలో లాప్‌టాప్ ఆగిపోయింది.

ఇప్పుడు ఇన్‌బాక్స్ పక్కన ఎన్‌ఎస్‌టీఎంపీ అనే పెద్ద ఫైల్ (కంపాక్ట్ చేసేటప్పుడు తయారయ్యే తాత్కాలిక ఫైల్) ఒకటి మిగిలింది. ఇన్‌బాక్స్ తెరుచుకుంటోంది కానీ కొన్ని మెయిల్స్ నొక్కితే వేరే మెయిల్‌లోని ముక్కలు కనిపిస్తున్నాయి. ఏ మెయిల్ ఎక్కడుందో చెప్పే ఇండెక్స్ తేడా కొట్టిందేమో అనిపిస్తోంది. ఆ ఇండెక్స్ ఉండే ఎంఎస్‌ఎఫ్ ఫైల్ తీసేస్తే అది మళ్లీ తయారవుతుందని తెలుసు. కానీ అప్పుడు డిలీట్ చేసిన పాత మెయిల్స్ కూడా తిరిగొస్తాయా? ముందు ఇండెక్స్‌ను మళ్లీ తయారుచేసే రిపేర్ ఫోల్డర్ బటన్ నొక్కాలా, లేక ఆ మిగిలిన ఫైల్ తీసేయాలా?

ప్రొఫైల్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేద్దామంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, 4 జీబీ దాటిన ఫైల్ తీసుకోదు. దాన్ని వేరే ఫార్మాట్‌లోకి మార్చి కాపీ అయ్యేదాకా ఏదీ ముట్టుకోను. ఇలాంటి స్థితి నుంచి బయటపడ్డవారు ఏ వరుసలో చేశారో చెప్పగలరా?