రిపబ్లికన్ పార్టీ వైపు ఇవాంజెలికల్ క్రైస్తవులు మళ్లడానికి అసలు కారణం ఏమిటి?

1976లో డెమోక్రాట్ జిమ్మీ కార్టర్‌కు ఓటు వేసిన ఇవాంజెలికల్ క్రైస్తవుల్లో (బైబిల్ ప్రామాణికతకు, వ్యక్తిగత విశ్వాసానికి, మతప్రచారానికి ప్రాధాన్యమిచ్చే ప్రొటెస్టెంట్లు) చాలామంది, నాలుగేళ్లకే రిపబ్లికన్ రోనాల్డ్ రీగన్ వైపు ఎందుకు మళ్లారో తెలుసుకోవాలని కొంతకాలంగా ప్రయత్నిస్తున్నాను. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పే ఇందుకు కారణమని సాధారణంగా చెబుతారు. అయితే కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావానికి వీలు కల్పించే చట్టాలను సమర్థిస్తూ అమెరికాలోని అతిపెద్ద ప్రొటెస్టెంట్ సంఘమైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ స్వయంగా 1971లో తీర్మానం చేసింది. పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ ‘మోరల్ మెజారిటీ’ అనే క్రైస్తవ రాజకీయ సంస్థను స్థాపించినది 1979లో, అంటే తీర్పు వెలువడిన ఆరేళ్లకు. ఈ జాప్యమే నాకు కొరుకుడు పడడం లేదు. జాతి వివక్ష పాటించిన బాబ్ జోన్స్ యూనివర్సిటీ వంటి క్రైస్తవ విద్యాసంస్థలకు ప్రభుత్వం పన్ను మినహాయింపు తొలగించడమే అసలు కారణమన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది?

1988లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం అయోవా రాష్ట్రంలో జరిగిన పోటీలో టీవీ మతబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అప్పటి ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్‌ను మూడో స్థానానికి నెట్టి రెండో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత ఆయన అనుచరులు స్థానిక పార్టీ కమిటీల్లోకి ఎలా ప్రవేశించారన్నది నా రెండో సందేహం. అమెరికా రాజకీయాలను అధ్యయనం చేసినవారు, లేదా టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ఉంటూ పార్టీ సమావేశాలను దగ్గరగా చూసిన తెలుగువారు ఎవరైనా దయచేసి వివరించగలరా?