అప్‌డేట్: జింక పుర్రె మొత్తానికి గోడెక్కింది

పక్కింటాయన వేటాడి తెచ్చిచ్చిన తెల్లతోక జింక పుర్రెను మరిగించాలా, బ్లీచ్‌లో వెయ్యాలా అని అడిగాను కదా (మేముండేది టెక్సస్‌లో). రెండూ వద్దని మీరంతా బతికించారు. మరిగిస్తే కొవ్వు ఎముకలోకి ఇంకుతుంది, బ్లీచ్ ఎముకనే గుల్ల చేస్తుంది అన్నారు. సరేనని మాంసం కుళ్లి ఊడేలా బకెట్ నీళ్లలో మూడు వారాలు నానబెట్టా. ఆ కంపు సంగతి మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు! మా ఆవిడ గరాజ్ వైపు రావడమే మానేసింది. తర్వాత గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లు, జిడ్డు తేలినన్నాళ్లూ మారుస్తూ పోయా. చివర్న ఎముక తెల్లబడ్డానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పెట్టా. రంగు పోకుండా కొమ్ములు పైకే ఉంచా. ఊడిన పళ్లు రెండు జిగురుతో అంటించా.

ఫొటో చూసి ఇండియాలో మా ఊళ్లో ఉండే బావమరిది తనకీ ఒకటి కావాలన్నాడు. అక్కడ చుక్కల జింకదో కణుజుదో అనుమతి లేకుండా ఇంట్లో పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే బాబూ అన్నా.